మెత్తని పొర

జిలాలి కుడిపక్కకి ఒరిగి పడుకుని, తలగుడ్డ కనుబొమల దాకా లాక్కుని, గోడలోంచి ఇసుక గీకుతున్నాడు. గోతి అడుగున సొరంగం మోకాలి ఎత్తు. కొవ్వొత్తి వెలుగు అంతంతమాత్రం, అయినా అతనికి దానితో పెద్దగా పని లేదు. వేలికి నున్నగా, అంచు రంపంలా తగిలితే, ఇక్కడ సముద్రం ఉన్ననాటి, రాయిగా మారిన సొరచేప పన్ను. పెంకుముక్కలా బల్లపరుపుగా తగిలితే టేకుచేపది. టేకుచేప పళ్ళని ఊద్ జెమ్ పట్నం బేరగాళ్ళు ముట్టుకోరు. అయినా జిలాలి పారేయడు, తెచ్చి పెరట్లో గోడవార పోస్తాడు. అడుగు పెడితే కాలికి గుచ్చుకుంటున్నాయని భార్య హద్దా సణుగుతుంది.

పైనుంచి తాడు కదిలింది. బకెట్ నింపి పంపాడు.

పడుచువయసులో గని కంపెనీ గేటు ముందు పని కోసం ఒక చలికాలమంతా నిలబడ్డాడు. పేరు పిలవలేదు. ఆ ఎదురుచూపుల్లోనే గోతులు తవ్వేవాళ్ళకి సాయం వెళ్ళాడు. మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళే తీరిక దొరకలేదు. తన పెళ్ళి, ఆడపిల్లల పెళ్ళిళ్ళు, అన్నీ ఈ ఇసుకలోంచే గడిచాయి.

మధ్యాహ్నం పైకి వచ్చేసరికి బావమరిది మాతీ జల్లెడ పక్కన రొట్టె తుంచుతున్నాడు.

“మెల్లగా నములు బావా. నీ నోట్లో ఉన్న ఆ నాలుగూ ఊడితే వాటిక్కూడా బేరం పెట్టాలి.”

“మీ అక్క వంటకి ఈ నాలుగే ఎక్కువరా.”

మాతీ నవ్వలేదు. “పొద్దుట్నుంచీ చూస్తున్నా. బకెట్లో పైకప్పు పెళ్ళలు వస్తున్నాయి. ఇక దిగకు.”

“పొర ఇప్పుడే మెత్తబడింది. ఇప్పుడొదిలేస్తే ఎట్లా?”

“ఇంకో గొయ్యి తవ్వుదాం. నువ్వు దిగావంటే నేను తాడు పడేసి ఇంటికి పోతా. అక్కకి నువ్వే చెప్పుకో.”

ఇలాంటి మాటలకి జిలాలి ఎప్పుడూ లొంగలేదు. ఒకసారి నడుం దాకా మట్టిలో కూరుకుపోతే జనం బయటికి లాగారు. టీ తాగి మళ్ళీ దిగాడు. ఇవాళ మాత్రం ఎడమ భుజం రుద్దుకుంటూ చాలాసేపు గోతి వైపు చూశాడు.

“సరేలే. రేపు ఆ ముళ్ళపొదల అవతల మొదలుపెడదాం.”

“ఒట్టా?”

“ఒట్టేరా. కాస్త నడుం వాలుస్తా. చెయ్యి లాగేస్తోంది.”

మట్టికుప్ప నీడలో పడుకున్నాడు, అలవాటుగా కుడిపక్కకే. మాతీ మిగిలిన ఇసుక జల్లిస్తూ కూర్చున్నాడు. నీడ జరిగి, ఎండ బావ మొహం మీదికి వచ్చింది. ఆయన కదల్లేదు. కప్పుదామని తలగుడ్డ తీయబోతే చేతికి చెంప చల్లగా తగిలింది.  మాతీ ఆ గుడ్డతోనే మొహం కప్పాడు.

కబురు విని హద్దా ఒక్కటే అడిగింది. “లోపలున్నాడా, బయటా?”

“బయటే అక్కా. నీడలో.”

“నీడలో,” అంది ఆమె. తర్వాత లేచి నీళ్ళు కాచడానికి వెళ్ళింది.

ఆ వారంలోనే, గొర్రెలు పడతాయని, మాతీ గొయ్యి పూడ్చేశాడు. సామాను కోసం దిగలేదు. అడుగున, మెత్తని పొర పక్కన, జిలాలి పరుచుకునే గొర్రెతోలు ఉండిపోయింది. కుడి మోచేయి ఆనేచోట ఉన్ని అంతా అరిగి, తోలు గుంటపడి ఉంది.