ఒక ట్రయల్‌కి ఒక్క ఆల్టరేషన్

మా అక్క రబ్బరు బంతిని కిటికీలోంచి విసిరేసిన రోజునే నేను వీడియో గేమ్ తయారు చేయాలని నిశ్చయించుకున్నాను. కుట్టు మిషన్ తొక్కడం తప్ప నాకు ఇంకో విద్య రాదు. నవ్వేవాళ్లు నవ్వుకోండి, నాకేం?

మా దర్జీ దుకాణానికి అక్కే కటింగ్ మాస్టర్. ఆమె కత్తిరిస్తుంది, నేను కుడతాను. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. మూడు నెలల క్రితం పక్షవాతం వచ్చి ఆమె కుడివైపు పడిపోయింది. కాలు తిరిగి వచ్చింది, మాట తిరిగి వచ్చింది. మాటయితే మునుపటికన్నా కాస్త ఎక్కువే వచ్చింది. చెయ్యి మాత్రం ఒళ్లో పడి ఉంటోంది. వారానికోసారి వచ్చే ఫిజియోథెరపిస్టు అమ్మాయి, "వేళ్లు కదుల్తాయండీ, కదిలించాలంతే. ఇప్పుడు వాడకపోతే తర్వాత వాడదామన్నా మొరాయిస్తాయి" అని, పిసకడానికి ఆ బంతి ఇచ్చింది.

"నేనేమన్నా పసిపిల్లనా, బంతితో ఆడుకోడానికి?" అంటూ అక్క దాన్ని ఎడమచేత్తో విసిరింది. గురి బాగానే కుదిరింది.

టాబ్ మీద వేలితో ఆడే ఆటలయితే విసుగు లేకుండా చేస్తారేమో చూడండి అని ఆ అమ్మాయి వెళ్తూ వెళ్తూ నా చెవిన వేసింది. మామూలు మాటల్లో రాసి అడిగితే ఏఐ మనకు కావలసిన ఆట తయారు చేసి ఇస్తుందట. ఇక నా కాలు నిలిస్తే ఒట్టు. గుడ్డ కత్తిరించే ఆట! సుద్ద గీత మీద వేలు పెట్టి లాగితే గుడ్డ తెగాలి. మా అక్క కాదనలేని పని భూమ్మీద అదొక్కటే.

భోజనాలయ్యాక అక్క కునుకు తీస్తుంటే టాబ్ ముందు కూర్చుని రాశాను: "మంచి దర్జీ ఆట చెయ్యి. చాలా బాగుండాలి."

రెండు నిమిషాల్లో ఆట వచ్చేసింది! తెరిచి చూద్దును కదా, మబ్బుల మీద గెంతుతూ గుండీలు ఏరుకునే కుందేలు. ముద్దుగానే ఉంది, కానీ కత్తెర ఎక్కడ? ఈసారి వివరంగా చెబుదామని దుకాణంలో చీటీ రాసినట్టే రాశాను: "చొక్కా ముందు భాగం. గీత మీద వేలు లాగితే గుడ్డ తెగాలి. ఆడేది అక్క. మిగతాదంతా మామూలే."

మా చీటీలన్నిట్లో చివరి మాట అదే, మామూలే. ఎవరికి భుజం దిగుడుగా ఉండాలో, ఎవరు బిగుతు ఒప్పుకోరో అక్కకు కంఠతా. ఆ ఒక్క మాట రాసి పడేస్తే చాలు. ఏఐ కూడా అక్కెవరు, ఏమిటి అని అడగలేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఆట తయారు చేసి పెట్టింది. ఈసారి చొక్కా ఉంది, సుద్ద గీత ఉంది! నేను ఎగిరి గంతేసి అక్కను లేపాను.

అక్క కళ్లు పెద్దవయ్యాయి. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి తెచ్చి, చూపుడువేలు గీత మీద పెట్టింది. పైన ఒక గడియారం టిక్కుటిక్కుమంటోంది. వేలు వణికి గీత పక్కకు జరిగింది. ఢామ్మని చప్పుడు, తెరంతా ఎరుపు, ఇంత లావు అక్షరాలతో "ఓడిపోయారు!"

"నాకు తెలుసులేవే. అది చెప్పాలా?" అంది అక్క. ఆమె కళ్లలో నీళ్లు చూసి నాకు ఒళ్లు మండిపోయింది. అక్క ఆపకపోతే టాబ్‌ను బంతి దారినే పంపేదాన్ని.

"ఆగవే. దీనికి చీటీ ఏం రాసిచ్చావు? చదువు."

చదివాను.

"మామూలే అంటే దానికేం తెలుసే? ఆ మామూలు నా తలకాయలో ఉంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు, నువ్వు ఏమడిగావని? కొత్తగా చేరిన మాస్టరుకి చీటీ ఎలా రాస్తాం?"

కొత్తవాళ్లకు అన్నీ రాస్తాం. తొడుక్కునేది ఎవరు, గుడ్డ ఏ రకం, కొలతలెంత, కత్తెర ఎక్కడికి పోకూడదు, పని అయ్యాక ఎలా కనిపించాలి. నాకు తల తిరిగినంత పనయింది, అంత ఉత్సాహం! పెన్సిలు పట్టుకున్నాను. అక్క చెప్పడం, నేను రాయడం.

"ఆడే మనిషి వయసు యాభై ఆరు. కటింగ్ మాస్టర్. జబ్బు చేసి కుడిచేతి వేళ్లు వణుకుతున్నాయి. బల్ల మీద నీలం నూలు గుడ్డ, దాని మీద తెల్ల సుద్ద గీత. గీత వేలు మందాన ఉండాలి. వేలు ఎంత నెమ్మదిగా కదిలినా గుడ్డ తెగాలి. పక్కకు పోతే కత్తెర ఆగాలి, గుడ్డ పాడవకూడదు. మళ్లీ గీత మీదికి వస్తే ఆగిన చోటునుంచే తెగాలి. గడియారం వద్దు. ఓడిపోవడం వద్దు. ముందు ఒకే ఒక్క నిలువు గీత చెయ్యి. అర్థం కానిది ఉంటే చేసేముందు నన్ను అడుగు."

అడిగింది! వేలు ఎత్తితే ఏం చేయాలని అడిగింది. "ఆహా, ఇప్పుడు దారికొచ్చాడు మాస్టరు. వేలెత్తితే కత్తెర అక్కడే కాసుకుని ఉండాలని చెప్పు" అంది అక్క.

అక్క వేలు కదిలిన కొద్దీ నీలం గుడ్డ తెగింది. మధ్యలో మూడుసార్లు ఆగింది. అయినా చివరిదాకా తెగింది! ఇద్దరం ఒక్కసారే కేక పెట్టాం.

ఇక నా ఆశకు పగ్గాల్లేవు. చంక వంపు, మెడ వంపు, పూల గుడ్డ, పాట, చప్పట్లు అన్నీ ఒకేసారి పెట్టమన్నాను. దెబ్బకు ఉన్న గీత కూడా మాయమైంది. ఏది చెడగొట్టిందో నాకూ తెలియలేదు.

"ఒక ట్రయల్‌కి ఒక్క ఆల్టరేషన్. దుకాణం గోడ మీద రాసిపెట్టింది నువ్వే కదే తల్లీ!" అక్క నవ్వింది. మూడు నెలల తర్వాత అలా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

పాత ఆటకు వెనక్కి వెళ్లాం. ఆ రోజు చంక వంపు, మర్నాడు కత్తెర చప్పుడు. ఆ తర్వాత రోజుకొకటి. ఫిజియోథెరపిస్టు అమ్మాయి వచ్చి వేళ్లు చూసి, "బంతి బాగా పిసుకుతున్నట్టున్నారే!" అంది. అక్క నాకేసి చూసి కన్ను గీటింది.

నిన్న నేను మిషన్ మీద కాలరు కుడుతుంటే అక్క నడిచి వచ్చి, సూది పక్కన ఒక చీటీ పెట్టి వెళ్లింది. వంకర అక్షరాలు. కొన్ని గీత దాటి కిందికి జారాయి. "గీత సన్నం చెయ్యాలి. ఇంత లావు గీత నేర్చుకునేవాళ్లకి."

రెండుసార్లు చదివాక గాని నాకు వెలగలేదు. అక్క చెయ్యి పడిపోయాక మా దుకాణంలో చీటీలు రాసేది నేనొక్కదాన్నే. తలెత్తి చూశాను. కటింగ్ బల్ల దగ్గర అక్క, కుడిచేతి వేళ్ల మధ్య ఇంకా పెన్సిలు.

ఆ చీటీలో ఒక్క అక్షరం కూడా మార్చకుండా టాబ్‌లో ఎక్కించాను.