అడగరాని సాయం

ఈసారి స్కానులో కూడా మచ్చలు పెరిగాయని తెలిసినప్పుడు చెల్లెలు ఏడవలేదు. అక్కే ఏడ్చింది. లాండ్రీలో పొద్దస్తమానం దుప్పట్లు ఇస్త్రీ చేసి కాయలు కాసిన చేతులతో మొహం కప్పుకుని, డాక్టరమ్మ గదిలోనే బావురుమంది.

"ఇప్పుడిస్తున్న ఈ మందు క్యాన్సర్‌ను నేరుగా చంపదమ్మా," అంది డాక్టరమ్మ. "ఒంట్లో మనల్ని కాపాడే కణాలను దాని మీదికి ఉసిగొల్పుతుంది. మీ చెల్లెలికి అవి కదలడం లేదు. పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు కూడా అందుకు ఒక కారణం కావచ్చు. మందు బాగా పనిచేసినవాళ్ల మలం నుంచి ఆ సూక్ష్మజీవుల్ని తీసి, పనిచేయనివాళ్ల పేగుల్లోకి ఎక్కించి చూస్తున్నాం. కొందరికి గుణం కనిపించింది. అందరికీ కాదు."

"అయితే ఎక్కించండి!"

"ఇచ్చేవాళ్లు కావాలి కదా. తగిన మనిషి ఒకరున్నారు, ఒప్పుకోవడం లేదు. ఎవరో నేను చెప్పకూడదు."

చెప్పక్కర్లేదు. మందు ఎక్కించే హాల్లో సోఫాల బాబాయిని ఎరగనివాళ్లు లేరు. సోఫాలకు గుడ్డ బిగించే ఆ పెద్దమనిషి, ఇదే మందుతో తన ఒంట్లో మచ్చన్నది లేకుండా పోయిందని కనపడిన ప్రతివాళ్లకీ చెప్పి వెళ్లాడు. మళ్లీ అటు తొంగి చూడలేదు.

మర్నాడే అక్క అతని దుకాణానికి వెళ్లింది. రక్తమైతే అడగొచ్చు, ఇది ఏ నోటితో అడగడం? దారి పొడవునా మాటలు కూడబలుక్కుంది. తీరా పళ్ల మధ్య మేకులు పెట్టుకుని కుర్చీకి గుడ్డ లాగుతున్న మనిషిని చూసేసరికి అవన్నీ మరిచిపోయింది.

"బాబాయ్, మా చెల్లెలికి... మీది కావాలి."

"ఏది?"

ఆమె తల దించుకుంది. అతనికి అర్థమైంది. మేకులు అరచేతిలోకి ఉమ్మాడు.

"నలుగురూ నవ్విపోరూ? కుదరదని ఆ డాక్టరమ్మ ఫోన్ చేసినప్పుడే చెప్పాను."

"రోజూ పారబోసేదేగా బాబాయ్! మీకేం తరుగుతుంది?"

అతనికి నవ్వు రాబోయి ఆగిపోయింది. సగం కుట్టిన కుర్చీలోనే కూలబడ్డాడు.

"ముందు నన్ను నిలువెల్లా పరీక్ష చేస్తారటమ్మా. స్కాను కూడా. మళ్లీ వచ్చిందంటే? ఆ మాట వినాల్సొస్తుందని చెకప్‌కి వెళ్లడమే మానేశాను."

"మీ భయానికి మా చెల్లి చచ్చిపోవాలా?" అక్క గట్టిగా అరిచేసింది. అరిచాక స్పాంజి ముక్కల మధ్య నేల మీద చతికిలబడింది. "దానికి నేను తప్ప ఎవరూ లేరు బాబాయ్. మీ పక్కనే కూర్చుంటాను. వాళ్లేం చెప్పినా కలిసే విందాం."

అతను లేచి మళ్లీ సుత్తి అందుకున్నాడు. పని ఉందన్నాడు. ఆమె ఆశ వదులుకుని వచ్చేసింది.

నాలుగు రోజులు గడిచాక లాండ్రీ గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని ఉన్నాడు. "సెలవడుగు. నా మనసు మారకముందే పద," అన్నాడు.

అతని స్కాను శుభ్రంగా వచ్చింది. గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా వెక్కుతుంటే, అక్క అతని వీపు నిమిరింది. నిమురుతూనే లోపల కుళ్లుకుంది. ఆ కాగితం మీద చెల్లెలి పేరు ఎందుకు లేదు?

మిగతా పరీక్షలూ అయ్యాయి. చెల్లెలికి మత్తిచ్చి, అతను ఇచ్చినదాన్ని గొట్టంతో పేగుల్లోకి ఎక్కించారు. తెలివి రాగానే చెల్లెలు, "ఇక నాకూ కుర్చీలు కుట్టడం వచ్చేస్తుందేమోనే అక్కా," అంది. నవ్వింది, ఆ నవ్వుకే ఆయాసం వచ్చింది.

పాత మందే మళ్లీ మొదలుపెట్టారు. రెండు నెలలకి స్కాను తీస్తే, ఊపిరితిత్తుల్లోని మచ్చలు చిన్నవయ్యాయి. కాలేయంలోది మాత్రం ఇంకాస్త పెరిగింది. ఇది మంచో చెడో అక్కకి అంతుపట్టలేదు. డాక్టరమ్మ కూడా ఇప్పుడే చెప్పలేనంది. ఇంకోసారి ఎక్కించి చూద్దామంది.

బయట వరండాలో బాబాయి లేచి నిలబడ్డాడు. "నాది పనిచెయ్యలేదా?"

"సగం పనిచేసింది."

అతను కళ్లజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు.

"మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు?" అనడిగాడు.