కోత పండగ నాటి ఈమూ కూర

గంగులు ఈమూ పక్షుల్ని పెంచుతానన్నప్పుడు ఈశ్వరి వద్దనే అంది.

"కోళ్ళు పెంచు, మేకలు పెంచు, నాను కాదన్ను. ఆ ఒంటెల్లాంటి పిట్టల సంగతి మనకేటి తెలుసు మావా?"

గంగులు వినలేదు. పిల్లల్నీ మేతనూ తామే ఇచ్చి, పెరిగాక గుడ్లూ పక్షులూ తామే తీసుకుంటామని ఒక కంపెనీవాళ్ళు కాగితం రాసిచ్చారు. జీడితోట పక్కనున్న మెట్ట చేనుకి ఇనప వల కంచె కట్టించి, ఇరవై నాలుగు పిల్లల్ని దింపాడు. చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్ళనుంచి జనం వచ్చి చూసి వెళ్ళేవారు. అది 2010.

రెండేళ్ళకి అవి మనిషెత్తు పెరిగాయి. సరిగ్గా అప్పుడే, 2012 వానల్లో, కంపెనీ ఆఫీసుకి తాళం పడింది. ఫోన్ ఎత్తేవాళ్ళు లేరు. మేత లారీ రావడం ఆగిపోయింది.

ఈశ్వరి ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండే చోట సహాయకురాలు. వంట మనిషి బేబీ. ఆరేళ్ళుగా ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర పనిచేస్తున్నారు. కూరలు తరిగాక మిగిలిన కాబేజీ ఆకులు, సొరకాయ తొక్కలు, ములక్కాడ పీచు అన్నీ బేబీ గోనెసంచిలో వేసి పక్కన పెట్టేది. సాయంత్రం ఈశ్వరి ఆ సంచి నెత్తిన పెట్టుకుని చేనుకి వెళ్ళేది. ఇరవై నాలుగు మెడలు కంచె మీదుగా ఒక్కసారిగా వంగేవి. సంచి ఖాళీ అయ్యాక కూడా అవి కదిలేవి కావు. ఈశ్వరి వాటివైపు చూడలేక గబగబా వచ్చేసేది.

గంగులు టీ బడ్డీకి వెళ్ళడం మానేశాడు. వెళితే ఎవరో ఒకరు, "ఏరా గంగులూ, నీ ఒంటెలు బాగున్నాయా?" అనేవారు. ఒకసారి తెగించి, కోసి మాంసం ఇస్తానన్నాడు. అందరూ నవ్వారు. "సూస్తేనే బయమేస్తాది, ఎవుడు తింతాడ్రా దాన్ని?" అన్నారు. కొన్ని ఊళ్ళల్లో పెంచలేనివాళ్ళు పక్షుల్ని రోడ్డు మీద వదిలేస్తున్నారని పేపర్లో వచ్చింది. గంగులు ఆ పని చెయ్యలేదు.

"లారీ కింద పడి సావడానికా నాను పెంచినాను?" అన్నాడు పెళ్ళాంతో.

డిసెంబరులో ఒక పొద్దున్న కుక్కలు చేను చుట్టూ చేరి మొరిగాయి. బెదిరిన పక్షుల్లో ఒకటి పరుగెత్తుకొచ్చి కంచెకి గుద్దుకుంది. కాలు విరిగింది. పశువుల ఆస్పత్రి కాంపౌండరు వచ్చి చూసి, ఇంత బరువు రెండు కాళ్ళ మీద మోసే జీవికి ఇక ఆ కాలు అతకదన్నాడు. గంగులు గునపం తీసుకుని చేను మూల గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు.

ఈశ్వరి గునపం పట్టుకుని ఆపింది.

"పాతిపెట్టీసి ఏటి సేస్తావు? మేకపోతంత మాంసం మట్టిలో కలిపేస్తావా? ఊర్లో పిల్లలు నీల్ల పప్పు తింతన్నారు."

"ఎవుడూ తినడని సెప్పినారు కదే."

"వొండి సూపిస్తే గదా తెలుస్తాది. బేబీ అప్పనడుగుతాను."

బేబీ ఇల్లు ఊరి చివర, బాప్టిస్టు చర్చి వెనక వీధిలో. ఆరేళ్ళ స్నేహంలో ఈశ్వరి ఆ గుమ్మం దాకా ఎన్నోసార్లు వెళ్ళింది గానీ లోపల కూర్చుని మంచినీళ్ళు కూడా తాగలేదు. ఎవరూ వద్దని చెప్పలేదు. కాపుల ఇంటి కోడలు ఆ వీధిలో తినకూడదని ఎవరూ చెప్పక్కర్లేకుండానే ఆమెకి తెలుసు. బేబీ కూడా ఎప్పుడూ తినమని అడగలేదు.

సంగతి విని బేబీ భర్త జాన్ కత్తి తీసుకుని బయల్దేరాడు. చర్చి విందులకి మేకల్ని కోసేది అతనే. గంగులు జీడితోటలోకి వెళ్ళిపోయాడు. జాన్ ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, ఆ జీవి ఎక్కువ బాధపడకుండా పని ముగించాడు.

మాంసం చూసి ఈశ్వరి అత్త కూర్మమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

"ఓలమ్మా! పిట్టన్నారు, ఇదేటే ఇంత ఎర్రగున్నాది? గొడ్డు మాంసంలాగున్నాదే! ఒలే ఈశ్వరీ, నా వొంటింట్లోకి తెచ్చినావంటే నాను మా తమ్ముడింటికి పోతాను."

దాంతో వంట బేబీ ఇంటి పెరట్లోనే జరగాల్సి వచ్చింది. చేపల బండివాడి దగ్గర తెచ్చిన ఐసుపెట్టెలో మాంసం సర్దారు. మొదట బేబీ నాటుకోడికి చేసినట్టే మసాలా నూరి కుక్కర్లో పెట్టింది. ఆరు కూతలు వచ్చాక తీసి జాన్‌కి పెట్టింది. అతను నమిలాడు, నమిలాడు, చివరికి ముక్క చేతిలోకి తీసుకుని, "సైకిల్ ట్యూబు" అన్నాడు.

రెండోసారి ఇంకాసేపు ఉడికించింది. ముక్క చీలిపోయింది గానీ నోట్లో రంపపు పొట్టులా ఉంది. ఈశ్వరి మొహం చిన్నబోయింది.

"పోనీలే అప్పా. మా మావ అన్నట్టే పాతీస్తాం."

"ఉండే. వొండడం రాక మాంసాన్నంటే ఎలాగ?" బేబీ పచ్చి మాంసం ముక్కని వెలుగులోకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. "పేరుకే పిట్ట ఇది. దీన్లో కొవ్వు నేదు, సూడు. కొవ్వంతా ఈపు మీద ఏరేగా ఉన్నాది. కోడనుకుని వొండినాను, అదే తప్పు."

వాకిట్లో నులక మంచం మీద కూర్చున్న బేబీ తండ్రి డేవిడ్‌రాజు ఇదంతా వింటున్నాడు. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే లైన్లో గ్యాంగ్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. కొండల్లో ఎర్రచీమల పచ్చడి దగ్గర్నుంచి పొలం ఎలకల వేపుడు దాకా, పనివాళ్ళు ఏది పెడితే అది తిన్నవాడు. ఇప్పుడు నోట్లో ఒక్క పన్ను లేదు.

"మాంసం పోగుకి అడ్డంగా కొయ్యే అమ్మా," అన్నాడు. "కొండోళ్ళు గట్టి మాంసం అలాగే కోస్తారు. పచ్చి బొప్పాయి రాసి రేత్రంతా వొదిలీ. సన్న సెగ మీద ఎట్టు. తొందరపడకు."

బేబీ అలాగే చేసింది. సన్నగా, పోగుకి అడ్డంగా తరిగి, బొప్పాయికాయ ముద్దా పెరుగూ అల్లమూ పట్టించి రాత్రంతా ఉంచింది. పొద్దున్నే నువ్వుల నూనె బాగా పోసి, ఉల్లిపాయ ఎర్రగా వేయించి, మూత మీద నీళ్ళు పోసి నిప్పుల సెగ మీద వదిలేసింది. దింపే ముందు నువ్వుగుండ చల్లింది. ఈశ్వరి వచ్చేసరికి పెరడంతా వాసన.

బేబీ పళ్ళెంలో అన్నం పెట్టి, కూర వేసి, ఎవరికి ఇవ్వాలో తెలియనట్టు అలాగే పట్టుకుని నిలబడింది. ఈశ్వరి ఆ పళ్ళెం వైపు చూసింది. తర్వాత పీట లాక్కుని కూర్చుంది.

"ఇలా తే అప్పా. నా పిట్ట, నాను రుసి సూడకపోతే ఎలాగ?"

ముక్క నాలిక మీద పెట్టగానే విడిపోయింది. మేకలా ఉంది, కాదు, మేక కంటే తేలిగ్గా ఉంది. వెనక కొంచెం తీపి. ఈశ్వరి సగం పళ్ళెం తిన్నాక తలెత్తి చూస్తే బేబీ కళ్ళల్లో నీళ్ళు నిలిచాయి.

"కారం ఎక్కువైందా?" అంది బేబీ.

"నాకు కాదు, నీకే ఎక్కువైనట్టున్నాది," అని ఈశ్వరి నవ్వింది. "మంచినీల్లియ్యి."

ఆ నెలాఖరు ఆదివారం చర్చిలో కోత పండగ. కొత్త ధాన్యం తెచ్చి దేవుడి ముందు పెట్టి, అందరూ కలిసి భోంచేసే రోజు. వంట ఎప్పుడూ బేబీదే. పాస్టరు జేమ్స్‌ని అడిగి కోడికూరతో పాటు ఈమూ కూర కూడా వండుతానంది. అయితే దానికి ఇంకో పక్షి కావాలి.

గంగులు ససేమిరా అన్నాడు. "దానికి కాలిరిగింది, తప్పక కోసినాం. ఇయి బాగున్నాయి కదే."

ఈశ్వరి అతని చెయ్యి పట్టుకుని కంచె దగ్గరికి తీసుకెళ్ళింది. "బాగున్నాయా? సరిగ్గా సూడు మావా. రెక్క కింద ఎముకలు కనిపిస్తన్నాయి. ఇరవై మూడింటికి మనం ఎట్టలేం. కొన్నింటికైతే కడుపునిండా ఎట్టగలం. అన్నీ ఆకలికి సావడం మంచిదా, సెప్పు?"

ఆదివారం తెల్లవారుజామున గంగులు తనే వెళ్ళి, అన్నిటికంటే పెద్ద పోతుని ఎంచి, నూకలూ తవుడూ కలిపి దోసిలితో తినిపించాడు. తర్వాత జాన్‌ని పిలిచాడు.

ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో షామియానా కింద బంతులు సాగాయి. కోడికూర గిన్నె చుట్టూ గుంపు. ఈమూ కూర గిన్నె దగ్గర మాత్రం బేబీ గరిటె పట్టుకుని ఒంటరిగా నిలబడింది. ఆడవాళ్ళు వంగి చూసి, ముక్కు మీద వేలేసుకుని వెళ్ళిపోతున్నారు. పాస్టరు గారు ఒక ముక్క వేయించుకున్నారు గానీ అది విస్తరి అంచునే ఉండిపోయింది.

అప్పుడు డేవిడ్‌రాజు మొదటి బంతి మధ్యలోంచి గట్టిగా అరిచాడు.

"అమ్మా బేబీ! ఇంకో గరిటె ఎయ్యి!"

"ఇప్పుడే ఏసినాను కదా నాన్నా."

"అది దిగిపోయింది." నోరు బార్లా తెరిచి అందరికీ చూపించాడు. "సూడండర్రా. ఒక్క పన్ను నేదు. నా సిగుళ్ళకే దిగిందంటే, పళ్ళున్న మీకేటి రోగం?"

బంతి బంతంతా గొల్లుమంది. పక్కనున్న ఆయన ఒక ముక్క వేయించుకున్నాడు. ఆ పైన ఎదుటి వరసలో ఇద్దరు. పాస్టరు గారు కూడా ముక్క నోట్లో పెట్టుకుని, ఒక క్షణం ఆగి, విస్తరి ముందుకు జరిపారు. రెండో బంతి వచ్చేసరికి పిల్లలు "ఒంటె కూర, ఒంటె కూర" అంటూ తోసుకున్నారు. మూడో బంతికి గిన్నె అడుగు గీకాల్సి వచ్చింది.

గంగులు గేటు బయట సైకిల్ పట్టుకుని నిలబడ్డాడని ఎవరో చెప్పారు. ఈశ్వరి వెళ్ళింది.

"తిన్నారా?" అన్నాడు నేల చూస్తూ.

"అయిపోయింది మావా. ఇంకా అడుగుతన్నారు."

అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. డేవిడ్‌రాజు కర్ర పొడుచుకుంటూ వచ్చి అతని భుజం పట్టి లోపలికి లాక్కెళ్ళాడు. గంగులు కోడికూరతోనే తిన్నాడు. తను పెంచినదాన్ని అతను ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ తినలేదు. ఎవరూ బలవంతం చెయ్యలేదు.

కొత్త సంవత్సరం నుంచి ప్రతి ఆదివారం చీపురుపల్లి స్టేషన్‌కి పోయే దారిలో వాళ్ళ ఈమూ కూర బండి కనిపించేది. బేబీ ముందురోజే మాంసం నానబెట్టేది, ఈశ్వరి నూరేది, జాన్ కోసేవాడు. చర్చి అయ్యాక బేబీ వచ్చేదాకా ఈశ్వరే వడ్డించేది. సోమవారం మళ్ళీ ఇద్దరూ బడి పొయ్యి దగ్గర. కంచెలో పక్షులు తగ్గుతున్నకొద్దీ మిగిలినవి ఒళ్ళు చేశాయి. మార్చిలో రాజాం వైపు నుంచి ఒక రైతు మోటారు సైకిల్ మీద వెతుక్కుంటూ వచ్చాడు. తన దగ్గర పదకొండు ఉన్నాయని, రేపో మాపో రోడ్డు మీద వదిలేద్దామనుకున్నానని, తీసుకుంటారా అని అడిగాడు. గంగులు అతన్ని కూర్చోబెట్టి టీ తాగించి, తీసుకుంటామన్నాడు.

కూర్మమ్మ మాంసం ముట్టలేదు. ఆ కొవ్వు కరిగించి రాస్తే మోకాళ్ళ నొప్పి తగ్గుతుందని ఎవరో చెబితే మాత్రం సీసా నింపించుకుంది. ఒక సాయంత్రం ఆ సీసా ఇవ్వడానికి బేబీ వచ్చి ఎప్పటిలాగే గుమ్మం బయట నిలబడితే, ముసలామె కాళ్ళు చాపుకుని కూర్చునే, "అక్కడ నిలబడిపోయినావేటే? లోనికొచ్చి రాయి. నా సేతులు అందవు," అంది. బేబీ లోపలికి వెళ్ళి ఆమె మోకాళ్ళ దగ్గర కూర్చుంది. ఈశ్వరి పొయ్యి మీద టీ పెట్టింది.

బండి దగ్గర గంగులు పని జనాన్ని పిలవడం. మొదటి వారం గొంతు పెగల్లేదు. రెండో నెలకి రైలు దిగి వచ్చేవాళ్ళకి అడ్డం వెళ్ళి మరీ పిలిచేవాడు.

"ఏటి మాంసం బాబూ ఇది?" అని ఒక ఆదివారం ఎవరో సంచి పట్టుకున్న పెద్దాయన ఆగి అడిగాడు.

"ఈమూ అండీ."

"అంటే?"

గంగులు చెయ్యి తన నెత్తి పైదాకా ఎత్తి చూపించాడు. "ఇంతెత్తు పిట్ట. మా సేలోనే పెరిగింది. కూకోండి, సెప్తాను," అని స్టూలు తుడిచి వేశాడు.