మధ్యలో లేవకూడని పాటలు

“ఎనిమిది ఫ్యామిలీలే కదా. గుత్తివంకాయ, పులిహోర, బొబ్బట్లు. సింపుల్‌గా కానిచ్చెయ్” అన్నారు మా ఆయన భీమశంకర్, పేపరు మడుస్తూ. సింపులట! బొబ్బట్టు ఎలా అవుతుందో ఈయనకి తెలిస్తే కదా. స్నేహితుడు కొండల్ రావుగారికి గ్రీన్ కార్డు వచ్చిందని శనివారం లంచ్‌కి అందర్నీ పిలిచేశారు. కూరకి బీన్స్ తరుగుతున్నదాన్ని ఆగిపోయాను. శనివారం మూడింటికి నా కచేరీ. మూడుసార్లు చెప్పాను, ఫ్రిజ్ మీద కాగితం కూడా అంటించాను.

మేముండే ఈ నోవై ఊళ్ళో చలికాలమంతా మంచు, కిటికీ, నేను. ఆ విసుగుతోనే ఈ ఎనభై మూడు జనవరిలో చర్చి హాల్లో జరిగే పాటల క్లాసులో చేరాను. టీచరు లోయిస్ మాకు ఆరు పాటల వరస ఒకటి ఇచ్చింది. ఇంగ్లండు పల్లెల్లో ఆడవాళ్ళు పాలు పిండుతూ, బట్టలు ఉతుకుతూ పాడుకున్న పాత బాణీలట. ఒకాయన వాటిని ఏరి, పియానో కూర్చి, వరసగా పాడేలా ఒక్క రచన చేశాడు. పాటల పుస్తకం అట్ట మీద ఆయన పేరుంది. పాడుకున్న ఆడవాళ్ళ పేర్లు ఎంత వెతికినా లేవు. వాటిలో నాలుగో పాట నేను ఒక్కదాన్నే పాడాలి.

మొదటి రిహార్సల్‌లో చివరి మాట పాడేసి, గబగబా వెళ్ళి బల్ల మీది కాఫీ కప్పులు ఏరడం మొదలుపెట్టాను. పియానో ఇంకా మోగుతూనే ఉంది. మన కచేరీలో పాట చివర గొంతు ఆగితే వయొలినూ మృదంగమూ ఆగిపోతాయి కదా, ఇదీ అంతే అనుకున్నాను. లోయిస్ నవ్వలేదు. “రాధా, పియానో ఆగేదాకా పాట నీదే. ఊరికే నిలబడు, చాలు” అంది. ఊరికే నిలబడటం! పదకొండేళ్ళ కాపురంలో ఆ మాట నాతో అన్నవాళ్ళు ఒక్కరు లేరు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంటికొస్తూ కార్లో ఏడ్చాను, చెప్పుకోడానికి నాకేం సిగ్గులేదు.

మా ఇంట్లో నా పాట వక్కపొడితో పాటు వస్తుంది. “మా ఆవిడ ఓ కీర్తన పాడుతుంది” అంటారీయన, అందరి భోజనాలూ అయ్యాక. నూనె పొగకి మండే గొంతుతో నేను పాడుతుంటే మగవాళ్ళు జపాన్ కార్ల గురించి వాదించుకుంటారు. ఒకసారి పల్లవి అయ్యీ అవకముందే “బావుందండీ, కాఫీ ఏమైనా పెడతారా?” అన్నాడు ఒక మహానుభావుడు.

“కచేరీ ఉందండీ ఆరోజు” అన్నాను.

“తెలుసులే. ఒంటిగంటకి వడ్డించేసి వెళ్ళు. నీ పాట పాడేసి కాఫీల టైముకి వచ్చెయ్.”

“ఆరూ కలిపి ఒకటేనండీ. మధ్యలో చప్పట్లు కూడా కొట్టరు. లేచి రాకూడదు.”

“అబ్బా, హాబీయే కదా రాధా! నువ్వు లేకపోతే ఇంగ్లీషువాళ్ళ పాటలు ఆగిపోతాయా?”

అవి ఆగవు. నేనే ఆగిపోతాను. అయినా నిజం చెప్పొద్దూ, ఒక నిమిషం పాటు మనసులో వంట మొదలుపెట్టేశాను కూడా. గురువారం పూర్ణం, శుక్రవారం వంకాయల్లోకి కారం, శనివారం తెల్లవారుజామున పులిహోర. అన్నీ చేసి, పరుగెత్తి, పాడి, పియానో ఆగకముందే పరుగెత్తి వచ్చెయ్యడం. ఆలోచిస్తుంటేనే ఆయాసం వచ్చింది. ఆ వెనకే కోపమూ వచ్చింది, ఆయన మీద కంటే నా మీదే ఎక్కువ.

చేతులు కడుక్కుని ఫోన్ దగ్గరికి వెళ్ళాను. లంచ్‌కి పిలిచినవాళ్ళలో ముందు ఉషకి చేశాను.

“ఉషా, శనివారం మా ఇంట్లో లంచ్ లేదు. మూడింటికి చర్చి హాల్లో పాడుతున్నాను. వీలైతే రండి.”

“అదేంటి వదినా! అన్నయ్యగారికి తెలుసా?”

“ఎదురుగానే కూర్చున్నారు. ఇప్పుడే తెలిసింది” అని పెట్టేసి, కొండల్ రావుగారి నంబరు తిప్పాను.