జెండా దించిన తాతయ్య

రాయి మీద తప్పు పడితే దిద్దడానికి ఉండదు. పైపొరంతా అరగదీసి మళ్ళీ మొదలుపెట్టాలి. అందుకే మా కొట్లో ముందు సుద్దతో రాస్తాం, ఎవరి పేరున చెక్కుతున్నామో వాళ్ళ ఇంటిల్లిపాదికీ చదివి వినిపిస్తాం, ఎవరూ కాదనకపోతేనే ఉలి పట్టుకుంటాం. సమాధులకీ, భవనాల ప్రారంభోత్సవాలకీ ఈ పద్ధతి బాగానే పనిచేసింది. మా తాతయ్య గురించి చెక్కాల్సి వచ్చేసరికే బెడిసికొట్టింది.

తాతయ్య పెద్ద కచేరీలో బంట్రోతు. పొద్దున జెండా ఎక్కించడం, సాయంత్రం దించడం, దాన్ని ఉతికి ఇస్త్రీ చేసుకోవడం ఆయన పని. నేను పుట్టకముందు, పాత ప్రభుత్వం మీద జనం తిరగబడ్డ రోజున, వేళ కాకముందే ఆయన జెండా దించేశాడు. ప్రభుత్వం చేతులెత్తేసిందనుకుని జనం గేటు తోసుకుని లోపలికి వెళ్ళారు. కాల్పులు జరిగాయి. కొందరు పోయారు. ఆ వారంలోనే ప్రభుత్వం నిజంగానే పడిపోయింది. అప్పటినుంచి మా తాతయ్య వీరుడు.

ఇప్పుడు ఆ గేటు పక్కన ఆయన పేరున ఫలకం పెడుతున్నారు. రేపే ఆవిష్కరణ. చెక్కే పని నాకే ఇచ్చారు, ఏం చెక్కాలో మామయ్య చెప్పాడు. నల్లరాయి మీద సుద్దతో రాసి చదివాను: ‘నిరంకుశత్వాన్ని ధిక్కరించి జెండా దించిన ధీరుడు.’

అమ్మ ఫక్కున నవ్వింది. “ధీరుడేమిట్రా తమ్ముడూ! నాన్న బల్లిని చూస్తే కుర్చీ ఎక్కుతాడు.”

“నువ్వూరుకో అక్కా. బల్లి వేరు, ప్రభుత్వం వేరు,” అన్నాడు మామయ్య.

ఆ పూటే మా వీధిలో రెండు ఊరేగింపులు ఎదురుపడ్డాయి. ఇప్పటి ప్రభుత్వం దిగిపోవాలని ఒకళ్ళు, దిగకూడదని ఇంకొకళ్ళు. ఇద్దరి చేతుల్లోనూ తాతయ్య ఫొటోయే. తల పైకెత్తి, చూపు ఎక్కడో నిలిపి ఉంటాడు అందులో. గుమ్మంలో నిలబడి చూస్తుంటే నాకు మతిపోయింది. ఇంత గొడవ చేసేబదులు మనిషి బతికే ఉన్నాడు కదా, అడిగి ఏడవచ్చుగా! ఆ అడగడమేదో నేనే అడిగాను.

“తాతయ్యా, నువ్వు ఎవరి పక్షం?”

“ఆ ఫొటో తీసిన రోజు నాకు మెడ పట్టేసింది తల్లీ,” అన్నాడాయన.

అమ్మా మామయ్యా తగువాడుకుంటూనే భోజనానికి వెళ్ళారు. నేను ఉలి తీసుకునేలోపు తాతయ్య రాయి దగ్గరికి వచ్చి, ‘ధిక్కరించి’ అన్న మాటని బొటనవేలితో తుడిచేశాడు.

“ఇది వద్దు.”

“మరేం రాయమంటావు?”

“వానొచ్చింది.”

బయటికి చూశాను. ఎండ మండిపోతోంది.

“ఇప్పుడు కాదు, ఆ రోజు,” అన్నాడు. “అప్పుడే ఇస్త్రీ చేసి ఎక్కించాను. మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. తడిస్తే రంగు దిగుతుంది, పెద్దాఫీసరు చీవాట్లు పెడతాడు. గబగబా దించి మడతపెట్టి చంకలో పెట్టుకున్నాను. వెనక్కి తిరిగితే జనం!”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చిన్నప్పుడు బడిలో ఆయన మనవరాలినని ఎంత బడాయి పోయానో! “ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?” అని విరుచుకుపడ్డాను.

“ఎవరికి చెప్పను? ఎదురింటి చెల్లెమ్మకా? నా ఇస్త్రీ మడత కోసం నీ మొగుడు చచ్చిపోయాడమ్మా అని చెప్పనా?”

ఎదురింటి మామ్మగారి భర్త ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాడట. ఆ రోజు గేట్లోకి ముందు అడుగుపెట్టిందీ, ముందు పడిపోయిందీ ఆయనే. ఆవిడ కోసమే తాతయ్య ఇంతకాలం వీరుడంటే తలాడిస్తూ వచ్చాడు. అబద్ధం చెక్కితే ఈయన నలిగిపోతాడు, నిజం చెక్కితే ఆవిడ కుప్పకూలిపోతుంది. రాయేమో ఒక్కటే.

చెబుతుండగానే మామ్మగారు రానే వచ్చింది. ఫలకం తయారవుతోందని విని చూడటానికి వచ్చిందట. కళ్ళజోడు సవరించుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది.

“మధ్యలో ఈ ఖాళీ ఏమిటే?”

నా నోటికి తాళం ఎప్పుడూ లేదు. “తాతయ్యే చెరిపేశాడు మామ్మగారూ. వానొస్తోందని దించాడట!” అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. తాతయ్య తల పూర్తిగా వంచేసుకున్నాడు.

ఆవిడ కూలిపోలేదు సరికదా, స్టూలు లాక్కుని కూర్చుంది. “అవును, వానే. నేను మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తున్నాను. కచేరీ అక్కణ్ణించి బాగా కనపడేది. మావారూ పక్కనే ఉన్నారు. ‘చూడు, మీ అన్నయ్య కూడా నీలాగే బట్టలు తీసుకుంటున్నాడు’ అని నవ్వారు.”

“మరి?” అన్నాను.

“జెండా దిగిందని కింద జనం కేకలు మొదలుపెట్టారు. మావారు మెట్లు దిగుతుంటే, అన్నయ్య వానకి దించారని వాళ్ళకి చెప్పండి అన్నాను. ‘ఇప్పుడు చెబితే అందరూ ఇళ్ళకి పోతారు’ అన్నారు. చెప్పలేదు. ముందు తనే నడిచారు.”

తాతయ్య గుండె తేలికపడుతుందనుకున్నాను. ఇన్నేళ్ళ దిగులు ఒక్క మాటతో పోయింది కదా! ఆయన మాత్రం విసురుగా లేచాడు. నా జన్మలో ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి వినడం.

“తెలిసి వెళ్ళాడా? సరే, తెలిసే వెళ్ళాడు. మరి వెనక వెళ్ళిన మిగతావాళ్ళకి తెలియదు కదా చెల్లెమ్మా! వాళ్ళకి చెప్పాలి కదా!”

వీధి చివర మళ్ళీ నినాదాలు మొదలయ్యాయి. ఏ ఊరేగింపో నాకు తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. మామ్మగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

“మావారు ఎందుకు చెప్పలేదని ఎవరూ అడగకూడదనే అన్నయ్యా,” అంది, “మిమ్మల్ని వీరుడిగా ఉండనిచ్చాను.”

తాతయ్య ఉన్నచోటనే చతికిలబడ్డాడు. ఎవరి తప్పు ఎవరు మోస్తున్నారో, అసలది తప్పో కాదో నాకు అంతు చిక్కలేదు. కాసేపటికి ఇద్దరూ నావైపు చూశారు, చెక్కేదాన్ని నేను కాబట్టి నాకు తెలిసి ఉంటుందన్నట్టు. నాకేం తెలుసు? ఎవరూ కాదనలేని ‘జెండా దించిన’ అన్న రెండు మాటలు చెక్కాను. ఆ తర్వాత ఏం చెక్కాలో తెలియక చెయ్యి ఆగిపోయింది.