గోడ అవతలి చప్పుడు

తోడల్లుడు కొత్త కంప్రెసర్ కొన్నప్పట్నుంచీ తన షెడ్డులోనూ ఒకటున్నా వడ్రంగికి ఒకటే కడుపుమంట. ఇవాళ గోడ అవతల చప్పుడే లేకపోయేసరికి ప్రాణం లేచొచ్చింది. మొహాన జాలి పులుముకుని పరామర్శకు వెళ్లాడు.

తోడల్లుడు షెడ్డులో తాపీగా కుర్చీని నునుపు చేస్తున్నాడు.

"కంప్రెసర్ పాడైందా, తమ్ముడూ?"

"లేదన్నయ్యా, పొద్దున నింపితే ఆగింది. గాలి కారితేనే కదా దానంతటది మళ్లీ మొదలయ్యేది! కొట్లో నింపించి, గంటసేపు గాలి మీటరు ముల్లు వంకే చూస్తూ కూర్చున్నా. కదల్లేదు, కొనేశా. నువ్వూ అలాగే చూసుకున్నావుగా?"

"చూడకుండా కొంటానా!" అన్నాడు, ట్యాంకు సైజూ ఎర్రరంగూ చూసి కొన్న వడ్రంగి.

సరిగ్గా అప్పుడే, తాళం వేసొచ్చిన అతని షెడ్డులో కంప్రెసర్ దానంతటదే దడదడలాడింది.