జాబితాలో పన్నెండో పేరు

టీవీలో జాబితా మూడోసారి తిరిగింది. పన్నెండో పేరు మారలేదు. మధు, బాన్సువాడ, కామారెడ్డి జిల్లా.

సరిహద్దు నుంచి సెలవు మీద వెళ్తున్న జవాన్లను తీసుకొస్తున్న సైనిక రవాణా విమానాన్ని ఉదయం ఏడు గంటలకు శత్రువు క్షిపణి కూల్చేసింది. నలభై ఒక్క మంది. ఒక్కరూ మిగల్లేదు. పదకొండయ్యేసరికి మధు ఇంటి ముందు చెప్పులు విడవడానికి చోటు లేదు.

మధు భార్య సౌజన్య గోడకు చేరగిలబడి ఉంది. కళ్లు పొడిగా ఉన్నాయి. నిన్న ఫోన్లో “రేపటి విమానంల సీటు దొరికింది, ఆదివారంకల్లా ఇంట్ల ఉంట” అన్నాడు. అంతకు మించి ఆమె బుర్రకు ఏదీ ఎక్కడం లేదు.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి ముట్టించరు. అందుకే నాగేంద్రమ్మ కబురు వినగానే వంట చేసి, రెండు క్యారియర్లు పట్టుకుని, భర్త సుబ్బరాయుడి బండెక్కి వర్ని నుంచి వచ్చేసింది. ఆమె కొడుకు సాయికిరణ్, మధు ఒకే పటాలం. వాళ్లది తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద మడి చేసుకున్న కుటుంబం, వీళ్లది ఈ నేల మీదే పుట్టి పెరిగిన రైతు కుటుంబం. కొడుకులిద్దరూ ఒకే రోజు సైన్యంలో చేరాక రెండిళ్లకూ రాకపోకలు మొదలయ్యాయి.

“ఒక్క ముద్ద తిను అమ్మాయ్. నువ్వు తింటే మీ అత్త తింటది” అంటూ నాగేంద్రమ్మ పప్పన్నం కలిపి సౌజన్య నోటి దగ్గర పెట్టింది.

మూలన కూర్చున్న అత్త భాగ్యవతి తల అడ్డంగా ఊపింది. “నాకేం బువ్వ వదినా. నా కొడుకే పాయె.”

“అట్లా అనకు. మా సాయి లేడూ? వచ్చే వారం సెలవు దొరుకుద్దంట. రాగానే ముందు నీ దగ్గరికే పంపుతా.”

సౌజన్య ఒళ్లో ఫోన్ మోగింది. తెలియని నంబరు. పొద్దున్నుంచీ విలేకర్లు చంపుకు తింటున్నారు. కట్ చేసింది. మళ్లీ మోగింది. మూడోసారి ఎత్తింది.

“సౌజన్యా, మాట్లాడకు. బయటికి రా.”

లేచింది. జనం దారి ఇచ్చారు. పెరట్లో బోరు మోటారు పక్కన గోడ పట్టుకుని నిలబడింది.

“నేనే. మధును. బతికే ఉన్న.”

నేల మీద కూలబడింది. “మరి టీవీల... నీ పేరు...”

“పేరు నాదే. ఎక్కింది నేను గాదు.” అన్నాడు మధు. “ఆదివారం సాయి పెండ్లాం విజయశ్రీ శ్రీమంతం ఉన్నది గదా. ఎవ్వరికీ చెప్పకుండ పోయి పెండ్లాం ముందల నిలబడ్త అన్నడు సాయి. కాళ్లు వట్టుకున్నంత పని చేసిండు. వాని సీటు వచ్చే వారం. నా సీటు చిట్టీ వానికిచ్చి, వాని చిట్టీ నేను దీస్కున్న. ఎక్కేటప్పుడు పేరు పిలుస్తరు, ఉన్న అంటే ఎక్కిస్తరు, అంతే. గీ క్యాంపుల మొఖాలు ఎవరికీ ఎర్కలేదు.”

పెరటి గుమ్మంలోంచి నాగేంద్రమ్మ కనిపిస్తోంది. గిన్నె మీద మూత పెడుతోంది, అన్నం చల్లారకుండా.

“సౌజన్యా, వింటున్నవా? ఇగ ఎవ్వలకు చెప్పకు. చిట్టీలు మార్చుడు పెద్ద నేరం. కొలువు పోతది, జైలుకు గూడ పోవచ్చు. రెండు దినాలు ఆగు, ఏం జేయాల్నో ఆలోచిస్త.”

“సాయన్న...”

“లేడు” అన్నాడు మధు.

ఆమె ఫోన్ పెట్టేయలేదు. చేతిలో పట్టుకునే లోపలికి నడిచింది. అత్త ముఖం చూసింది. అంతే, ఆ ఒక్క మాట ఆగలేదు.

“అత్తమ్మా, ఆయన బతికే ఉన్నడు. ఫోన్ల ఉన్నడు.”

ఇల్లంతా గోల. భాగ్యవతి నాగేంద్రమ్మను వాటేసుకుని అప్పుడు ఏడ్చింది. సుబ్బరాయుడు తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

“నేను చెప్పలా? వాడు మా దున్నపోతు కన్నా మొండి. విమానం కాదు గదా, యముడొచ్చినా పక్కకు జరగడు.”

“ఊరుకోండి, నోటికి అడ్డూ ఆపూ లేదు” అని కసిరి, నాగేంద్రమ్మ సౌజన్య రెండు చేతులూ పట్టుకుంది. “నీ పసుపు కుంకుమలు గట్టివే తల్లీ. మరి జాబితాలో పేరుందంటే, వాడి సీట్లో ఎవరెక్కారంట?”

సౌజన్య చేతిలోని ఫోన్ వైపు చూసింది.

“పాపం, ఏ తల్లి బిడ్డో. ఆవిడ ఇప్పుడు టీవీలో కొడుకు పేరు లేదని నిమ్మళంగా కూర్చుని ఉంటుంది. ఎవరు చెబుతారే ఆ తల్లికి?”

సౌజన్యకు మధు మాట గుర్తొచ్చింది. రెండు రోజులు. అధికారులే వచ్చి చెబుతారు. మొగుడి కొలువు నిలబడుతుందేమో. ఈ రెండు రోజులూ ఈమె వర్నిలో కోడలికి గాజులు తొడిగిస్తూ, పిండివంటలు చేస్తూ ఉంటుంది.

“పెద్దమ్మా, కూసో.”

“ఏంటే?”

“జర కూసో.”

నాగేంద్రమ్మ కూర్చోలేదు. సౌజన్య ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆమె చేతుల పట్టు మెల్లగా సడలింది.

“మావాడికి వచ్చే వారం కదా” అంది. “వచ్చే వారమని వాడే చెప్పాడు.”

సౌజన్య ఫోన్ స్పీకరు నొక్కి ఆమె ముందు పెట్టింది. “నువ్వే చెప్పు. పెద్దమ్మ వింటున్నది.”

మధు వెక్కడం వినిపించింది. “అమ్మా... శ్రీమంతానికి పోత అన్నడు. నేనే... నా చిట్టీ...”

సుబ్బరాయుడు గడప మీద కూలబడ్డాడు. భాగ్యవతి కొంగు నోట్లో కుక్కుకుంది. నాగేంద్రమ్మ మాత్రం ఫోన్ మీదికి వంగింది.

“నీ కళ్లారా చూశావా, వాడు ఎక్కడం?”

“చూసిన అమ్మా. మెట్ల మీదికెల్లి చెయ్యి ఊపిండు.”

“మీ అధికారికి చెప్పావా?”

“ఇంకా చెప్పలే అమ్మా.”

“ఇప్పుడే వెళ్లి చెప్పు. నీకేం శిక్ష వేస్తారో నాకు తెలియదు నాయనా. నువ్వు చెప్పకపోతే నా కొడుకును నీ పేరు రాసిన పెట్టెలో ఈ గుమ్మానికి పంపుతారు.”